ప్రమిదె కింద పేరేది?

ప్రతి దీపావళికి వారం ముందు నాకు వాట్సాప్‌ల ఒక ఫోటో వస్తది. రంగులేసిన ప్రమిదెలు, అంచుకు బంగారు గీతలు, "మానసిక దివ్యాంగ పిల్లలు చేసినవి, కొని సాయం చేయండి" అని రాసి ఉంటది. కొంటా, నాలెక్క చానామంది కొంటరు. ఇంటికి తెచ్చినంక అట్టపెట్టె తిప్పి చూస్తే స్కూల్ పేరు ఉంటది, స్పాన్సర్ చేసినోళ్ల లోగో ఉంటది, రంగేసిన పిల్లగాని పేరు మాత్రం ఎక్కడా దొరకదు. ఇంకో సంగతి చెప్పాల్నా, ఆ సన్న బంగారు గీత చాలాసార్లు టీచరమ్మ గీసిందే, పిల్లగాడు గీసింది వంకర పోయిందని తుడిచి మళ్ల దిద్దుతరు. వంకర గీతతోటి అమ్మితే ఏమైతుండె?

నేను చెప్పేది ఒక్కటే. బుద్ధిమాంద్యం ఉన్నోళ్ల కోసం వరంగల్‌ల ఇంకో ట్రైనింగ్ సెంటర్ వద్దు, ఒక చిన్న కళల దుకాణం పెట్టాలె. ఐదారుగురు మనుషులు, సరుకు మీద వాళ్ల పేరు, వాళ్ల ఖాతాల పైసలు.

మా గల్లీల ఒక పిల్లగాడు ఉన్నడు, పిల్లగాడు అంటున్న గని ఇరవై ఏడేండ్లు. పద్దెనిమిది నిండంగనే స్పెషల్ స్కూల్ బంద్, గప్పటి సంది అరుగు మీదనే. పొద్దున లేస్తే దొరికిన సుతిలి, చీరె పేలికలు, ప్లాస్టిక్ తాడు అన్నీ తెచ్చి గేటు ఊచలకు చుడుతడు, ఒక రంగు మీద ఇంకో రంగు, మధ్యల ముడి, మళ్ల చుట్టుడు, అన్నం కూడ మర్చిపోతడు. పొద్దుగూకంగ వాళ్లమ్మ కూసొని అంతా విప్పుతది. తెల్లారితే మళ్ల మొదలు.

2025 డిసెంబర్‌ల బ్రిటన్‌ల టర్నర్ ప్రైజ్ ఎవరికొచ్చిందో చూసిండ్రా? నెనా కాలు అనే ఆమెకు. బుద్ధిమాంద్యం, ఆటిజం రెండూ ఉన్నయ్, మాటలు తక్కువ, ఆమె చేసే పని చుట్టుడే. గుడ్డలు, తాళ్లు, పాత వీడియో టేపులు పొరల మీద పొరలు చుట్టి పెద్ద పెద్ద ఆకారాలు చేస్తది. అక్కడ మోడరన్ ఆర్ట్‌కు అంతకంటె పేరున్న ప్రైజ్ లేదు, అది బుద్ధిమాంద్యం ఉన్న మనిషికి రావుడు ఇదే మొదలు. అంతకుముందు అమెరికాల జుడిత్ స్కాట్ అని ఒకామె, డౌన్ సిండ్రోమ్, చెవులు వినపడవు, ముప్పై ఐదేండ్లు వికలాంగులను ఉంచే సంస్థల గోడల మధ్యనే పెట్టిండ్రు, 1987ల ఓక్లండ్‌ల ఒక ఆర్ట్ సెంటర్‌కు వచ్చినంక దారం చుట్టుడు పట్టుకున్నది, ఇయ్యాల ఆ మూటలు మ్యూజియంలల్ల ఉన్నయ్.

మా గల్లీ పిల్లగాడు అంతటోడైతడని నేను అంటలే. ఆయన చుట్టింది ఒక్కరోజన్నా విప్పకుండ ఉంచి చూసినోడు లేడు అంటున్న. నెనా కాలు వెనక యాక్షన్‌స్పేస్ అనే సంస్థ 1999 సంది ఉన్నది, ఆమెకు జాగ ఇచ్చి పక్కన నిలబడ్డది. ఇరవై ఆరేండ్లు! మన దగ్గర మూడు నెలల బ్యాచ్, ఆఖరి రోజు సర్టిఫికెట్, ఫోటో, సమోసా.

జాగ సంగతికొస్తే మనకంటె అదృష్టవంతులు ఎవరు చెప్పండి. వరంగల్‌ల నేతగాళ్ల వాడ, కొత్తవాడ ఉన్నది. జంపఖానాలకు 2018ల జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ఊరి సరుకే అనే గుర్తింపు, వచ్చింది, మగ్గాల కాడ తెగిన నూలు, మిగిలిన రంగు చిలుపలు దొరుకుతయ్, కండెలు చుట్టుడు తెలిసిన పెద్దమనుషులు ఇంకా ఉన్నరు. జంపఖానా నేయమని నేను అడుగుతలే, అది వాళ్ల విద్య, దాంట్ల సగం వచ్చి సగం రానోన్ని కూసోబెడితే మళ్ల టీచరమ్మ దిద్దుడే. ఆ నూలు చేతికిచ్చి ఊకోవాలె. ఇంకొకరికి మెత్తటి ముద్ద పిసుకుడు ఇష్టముంటది, చేర్యాల మాస్కులు రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి చేస్తరు కదా, ఆ ముద్దతోటి ఏమన్నా చెయ్యనియ్యండి. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలకు పోయింది గని మన ఉమ్మడి వరంగల్‌దే.

దుకాణం నడపడానికి పొదుపు సంఘం పెడుదామంటే, దానికి మామూలుగ పది మంది కావాలె, దివ్యాంగులైతే ఐదుగురు చాలు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ల ఆస్తి, పైసలు, బ్యాంకు లోను అన్నిట్ల అందరితోటి సమానం అని రాసి ఉన్నది. రాసి ఉన్నది అంతే. ఆ పిల్లగానితోటి ఒక బ్యాంకుకు పోతే మేనేజర్ ముప్పావు గంట వాళ్లమ్మ మొహం చూసే మాట్లాడిండు, ఖాతా ఎవరిదో ఆయన దిక్కు ఒక్కసారి సూడలే.

వీళ్లకు పైసల లెక్క తెల్వదు, వ్యాపారం అంటే ఎవడో ఒకడు దోచుకుంటడు అని తల్లిదండ్రులు భయపడుతరు, సంపాదన చూపెడితే 4,016 పింఛన్ ఆగిపోతదేమోనని కూడ. భయం తప్పు కాదు. గని ఇప్పుడు ఆ ప్రమిదెల పైసలు ఎవరికి పోతున్నయ్? లెక్క గోడ మీద రాసి పెట్టిన దుకాణంల దోపిడీ కష్టం, జాలి పేరు మీద అమ్మిన కాడ లెక్క అడుగుడే పాపం.

అసలు ఇది ఒక్క వీళ్ల సంగతి కూడ కాదు. చేసినోని పేరు దాచుడు మనకు అలవాటైపోయింది. జంపఖానా కొంటరు, నేసినోడెవరు? పెంబర్తి ఇత్తడి మెమెంటో మంత్రిగారి చేతిల పెడుతరు, ఆ రేకు కొట్టి చేసినోడెవరు? అదే పాలంపేటల 1213ల కట్టిన గుడిని చూడండి, కట్టించింది రేచర్ల రుద్రుడు, లోపల దేవుడు రామలింగేశ్వరుడు, జనం మాత్రం శిల్పి పేరే అని చెప్పి రామప్ప అని పిలుస్తరు, 2021ల యునెస్కో దాకా అదే పేరు పోయింది. శిల్పి పేరుతోటి గుడిని పిలుచుకునే ఉమ్మడి జిల్లా మనది, ఐదు రూపాయల ప్రమిదె మీద ఒక పేరు రాయడానికి మనకు చెయ్యి వస్తలేదు. కాళోజీ కళాక్షేత్రం కూడ 2014ల శంకుస్థాపన అయితే 2024 నవంబర్‌ల ఓపెన్ అయింది, మంచిగున్నది, స్టేజీ ఉన్నది, శాలువాలు కప్పుతరు. రోజూ కూసొని పని చేసుకునే ఒక రూమ్ అడగండి, ఎవరి పరిధిల ఉన్నదో తేలేసరికి యాడాది.

అందుకే సర్కారును అడుగుడు తర్వాత. కొత్తవాడల గని, మట్టెవాడల గని గ్రౌండ్ ఫ్లోర్ రూమ్ ఖాళీగ ఉన్నోళ్లు చెప్పండి. మెట్లు ఉండద్దు, బాత్రూం లోపలనే ఉండాలె, కిటికీకి ఊచలు ఉంటే మంచిది, చుట్టుకుంటడు.