టోపీ అయితే అభ్యంతరం లేదు

స్త్రీ స్వేచ్ఛ మీద బెంగ పెట్టుకున్న ప్రభుత్వాల్లో ఫ్రాన్స్‌ది ముందు వరుస. ముస్లిం ఆడపిల్ల పొద్దున్నే ఏం వేసుకోవాలో తేల్చుకోలేక ఎక్కడ టెన్షన్ పడుతుందోనని ఆ భారం కూడా తానే నెత్తిన వేసుకుంది. 2004లో సర్కారు బళ్లలో తలగుడ్డ తీయించింది. 2010లో బయట ముఖం కప్పుకోకూడదని చట్టం చేసింది. తప్పితే 150 యూరోల దాకా జరిమానా. పదేళ్లు తిరక్కుండానే కరోనా దిగింది. 2020 మే నుంచి 2022 మే దాకా రైలెక్కాలంటే మాస్కు తప్పనిసరి, లేకుంటే 135 యూరోలు. అంటే ముఖం కప్పుకోకపోతే 135, దేవుడి కోసం కప్పుకుంటే 150. పైన పడ్డ 15 భక్తి పన్ను కాబోలు.

2023 ఆగస్టులో విద్యామంత్రి గాబ్రియేల్ అత్తాల్ చూపు అబాయా మీద పడింది. క్లాసులో పిల్లల్ని చూస్తే వాళ్ల మతం తెలియకూడదన్నది ఆయన వాదన. బాగానే ఉంది. అయితే అబాయా అంటే పాదాల దాకా వదులుగా ఉండే గౌను. అలాంటిది బజార్లో ఎవరైనా కొనుక్కోవచ్చు. మరి గేటు దగ్గర నిలబడ్డ మాస్టారు ఏది ఫ్యాషనో, ఏది మతమో ఎలా కనిపెట్టాలి? పేరు అడిగా? ఒంటి రంగు చూసా? పిల్లని చూస్తే మతం తెలియకూడదన్న రూలు అమలు కావాలంటే, ముందు పిల్లని చూసి మతం తెలుసుకోవాలి! ఇందులో వాళ్లకు అనుభవం లేకపోలేదు. 2015లోనే ఒక బడి, పొడుగు నల్ల స్కర్టు వేసుకొచ్చిన 15 ఏళ్ల అమ్మాయిని ఇంటికి పంపేసింది. అబాయా నిషేధం వచ్చాక బళ్లు తెరిచిన తొలిరోజే 67 మంది అమ్మాయిలు బట్టలు మార్చుకునేది లేదని ఇంటిదారి పట్టారు. వీళ్ల విముక్తి చదువుకు అడ్డొచ్చినట్టుంది.

ఇరాన్ రాజధాని టెహ్రాన్‌లో బట్టలు కొలిచే ఇదే టేపును తిరగేసి పట్టుకుంటారు, తలగుడ్డ జారితే నేరం. అడగాల్సిన మనిషిని అడగకపోవడంలో మాత్రం ఇద్దరికీ భేదాభిప్రాయం లేదు.

2024లో ఒలింపిక్స్ పారిస్‌కే వచ్చాయి. ఫ్రెంచ్ రన్నర్ సుంకాంబా సిల్లా హిజాబ్‌తో ప్రారంభోత్సవానికి రాకూడదన్నారు. గొడవైంది, చర్చలు నడిచాయి. చివరికి టోపీ పెట్టుకుంటే సరేనన్నారు. కప్పేది అదే జుట్టు, కాకపోతే టోపీకి మతం లేదు. ఆ ఆటల్లోనే నెదర్లాండ్స్ తరఫున మారథాన్ గెలిచిన సిఫాన్ హసన్ హిజాబ్‌తో వచ్చి, మెడలో బంగారు పతకం వేయించుకుని వెళ్లింది. పరాయి దేశం మనిషి కదా, ఆవిడకి స్వేచ్ఛ ఇప్పించే పూచీ ఫ్రాన్స్‌కి లేదు.