ఆలస్యం పెద్దలది, శిక్ష పిల్లలకా?

బడులు తెరిచి నెల తిరగలేదు. కోనసీమలోని ఓ పట్టణంలో ఒకటో తరగతి పిల్ల గేటు బయట వానలో తడుస్తూ నిలబడ్డ ఫొటో ఈ వారం ఊరూరా ఫోన్లలో తిరిగింది. ఏం జరిగిందో మళ్లీ వివరంగా చెప్పనక్కర్లేదు. అమ్మమ్మ వెంటబెట్టుకుని వచ్చింది, కొద్ది నిమిషాలు ఆలస్యమైంది, అప్పటికే గేటుకు తాళం పడింది. వాచ్‌మన్‌ను తప్పుపట్టి లాభం లేదు, అతను తనకు చెప్పిన పని చేశాడు. బడి యాజమాన్యమైతే ఒక్క మాట విచారం వెలిబుచ్చలేదు సరికదా, రూల్ అందరికీ ఒకటేనని, అడ్మిషన్ రోజునే తల్లిదండ్రులు ఒప్పుకుని సంతకం పెట్టారని సమర్థించుకుంది. ఫొటో చూసి బాధ కలిగింది. ఈ సమర్థన చూశాక భయం వేసింది.

రూల్ అందరికీ ఒకటేనా? ఆ పొద్దున అక్కడ ఉన్నవాళ్లను అడిగితే చెబుతారు. ఆ పిల్ల బయట నిలబడి ఉండగానే బడి సొంత బస్సు వచ్చింది. అదీ ఆలస్యంగానే వచ్చింది. గేటు బార్లా తెరిచారు. బస్సు దిగిన పిల్లలు వరసగా తరగతులకు వెళ్లిపోయారు. వాళ్ల డైరీల్లో ఎవరూ ఎర్ర సిరాతో రాయలేదు, ఎవరినీ వరండాలో నిలబెట్టలేదు. అలా లోపలికి పంపడమే న్యాయం. బస్సు ఆలస్యమైతే పిల్లలేం చేస్తారు? మరి అమ్మమ్మ నడిపించుకొచ్చిన పిల్ల మాత్రం ఏం చేస్తుంది? బస్సు ఫీజు కట్టినవాళ్ల ఆలస్యానికి ఒక లెక్క, కట్టలేనివాళ్ల ఆలస్యానికి ఇంకో లెక్కా?

క్రమశిక్షణ చిన్నప్పటినుంచే రావాలని, ఒక్కొక్కరూ ఒక్కో వేళకు వస్తుంటే టీచరు పాఠం ఎలా చెబుతారని, పిల్లల భద్రత కోసమే గేటు వేస్తున్నామని యాజమాన్యాలు అంటున్నాయి. వేళకు రావాలనడంలో తప్పు లేదు, కాదనం. కానీ వేళ తప్పించింది ఎవరు? ఆరేళ్ల పిల్ల తనంతట తాను లేచి, తయారై, బండి నడుపుకుంటూ రాదు. తప్పు పెద్దలదైతే పెద్దలతో మాట్లాడాలి. రోజూ ఆలస్యమవుతుంటే ఫోన్ చేయాలి, పిలిచి కూర్చోబెట్టి అడగాలి, చివాట్లు పెట్టినా పడతారు. దారిన పోయేవాళ్లంతా చూస్తుండగా పిల్లను రోడ్డు మీద వదిలేసి భద్రత గురించి చెబితే నమ్మేదెవరు?

అడ్మిషన్ రోజు చేతిలో పెట్టే నియమాల కాగితం ఒకసారి తెప్పించుకుని చూశాం. ఒక్క బడిది కాదు, రెండు గోదావరి పాయల మధ్యా అటూ ఇటూ ఉన్న పట్టణాల నుంచి పాఠకులు పంపినవి. దాదాపు అన్నీ ఇంగ్లిష్‌లోనే, చిన్న అక్షరాల్లో ఉన్నాయి. చివర సంతకానికి గీత. ఫలానా నిమిషానికి గేటు మూస్తాం. మూడుసార్లు ఆలస్యమైతే ఒక రోజు గైర్హాజరు వేస్తాం. డైరీలో రోజూ సంతకం పెట్టకపోతే పిల్లవాణ్ని తరగతిలో నిలబెడతాం. నెలవారీ మీటింగుకు తల్లీ తండ్రీ ఇద్దరూ రావాలి. ఫీజు గడువు దాటితే పరీక్షకు కూర్చోనివ్వం. తల్లిదండ్రులు గేటు దాటి లోపలికి రాకూడదు. ఏ సంఘటన జరిగినా యాజమాన్యానికి బాధ్యత లేదు.

ఈ వరసలో దాదాపు ప్రతి నిబంధనా తల్లిదండ్రులు చేయవలసిన పనికి సంబంధించిందే. చేయకపోతే పడే శిక్షలు మాత్రం ఆఖరిదాకా పిల్లల మీదే. సంతకం మరిచింది తండ్రి, నిలబడేది కొడుకు. ఫీజు ఆగింది రొయ్యల రేటు పడిపోయి, పరీక్ష ఆగేది కూతురికి. మరి బడి ఏం చేస్తుందో ఎక్కడైనా రాశారా అని వెతికాం. పిల్లకు జ్వరం వస్తే ఎంతసేపట్లో ఫోన్ చేస్తారో లేదు. తరగతిలో ఎంతమందిని కూర్చోబెడతారో లేదు. ఏడాది మధ్యలో టీచరు మానేస్తే ఇంటికి చెబుతారో లేదో లేదు. బస్సు అరగంట రాకపోతే ఎవరు జవాబుదారీయో లేదు. టీచరుతో మాట్లాడాలంటే ఏ రోజు, ఏ వేళకు రావాలో కూడా లేదు. ఒక వైపే కట్టుబడి ఉండే ఒప్పందం ఎక్కడుంటుంది?

ఈ నియమాలు రాసినవాళ్లకు తాము ఉంటున్న ప్రాంతం గుర్తులేదా? జి.పెదపూడి లంక పిల్లలు వరదొస్తే పడవెక్కి ఇవతలికి రావాలి. సఖినేటిపల్లి రేవులో పంటు (మనుషులనూ బళ్లనూ ఏరు దాటించే పెద్ద పడవ) కోసం ఎంతసేపు నిలబడాలో పొద్దున్నే ఎవరికీ తెలియదు. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితేనే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. లంకల్లో దారులు మునగడానికి అంత నీరు అక్కర్లేదు. కనకాయలంక కాజ్‌వే మీదికి నీళ్లెక్కాయంటే అక్కడి జనానికి పడవే గతి. కలెక్టరు సెలవు ప్రకటించేదాకా బడి ఉన్నట్టే లెక్క. బడి ఉందంటే ఆ తల్లులు పిల్లలను పంపుతారు. పడవ దిగి, బురదలో నడిచి, ఆటో పట్టుకుని వచ్చేసరికి పావుగంట ఆలస్యమైతే ఆ పిల్ల ముఖం మీద గేటు వేస్తారా? భీమవరం, పాలకొల్లు వైపు రైల్వే గేటు పడితే అటుపక్క ఆగిపోయిన బళ్లలో సగం బడి బళ్లే. డెల్టాలో పొద్దుటి ప్రయాణం ఎలా ఉంటుందో తెలియనివాళ్లెవరూ ఇక్కడ బడులు నడపడం లేదు. అన్నీ తెలిసే ఈ రూళ్లు రాశారు.

తల్లీ తండ్రీ ఇద్దరూ మీటింగుకు రావాలన్న నిబంధన మరీ దారుణం. కోనసీమలో, నరసాపురం చుట్టుపక్కల ఎన్ని ఇళ్లలో తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇంటిపని చేస్తోంది? తండ్రి దోహాలో డ్రైవరు. పిల్లలను చూసుకునేది అమ్మమ్మో నానమ్మో. ఆమెకు మోకాళ్ల నొప్పులు, కళ్లకు సరిగా ఆనదు, ఫోన్‌లో వచ్చిన మెసేజ్ పక్కింటి కుర్రాడు చదివి చెప్పాలి. అయినా పొద్దున్నే లేచి జడ వేసి, డబ్బా కట్టి, చెయ్యి పట్టుకుని బడికి తీసుకొస్తోంది. అలాంటి మనిషి మీటింగుకు వస్తే గార్డియన్ కింద ఒప్పుకోం, పేరెంట్సే రావాలంటూ వెనక్కి పంపుతున్న బడులు ఉన్నాయి. మర్నాడు ఆ పిల్లను తరగతిలో అందరి ముందూ లేపి, మీ అమ్మ ఎందుకు రాలేదని అడుగుతారు. అమ్మ ఎందుకు రాలేదో ఆ పిల్లకు తెలుసు. ఏడాదికోసారి కూడా చూడలేని అమ్మ గురించి తోటి పిల్లల ముందు జవాబు చెప్పించడం ఏ క్రమశిక్షణ? భర్తతో పాటు చెరువు గట్టు మీద ఉండేవాళ్లున్నారు. చీకటితోనే రొయ్యల ప్లాంటు బండి ఎక్కే తల్లులున్నారు. ఒక పూట పని మానితే ఆ పూట కూలి పోతుంది. మీటింగు సాయంత్రం పెట్టుకోవచ్చు, ఆదివారం పెట్టుకోవచ్చు. పెట్టరు, ఎందుకంటే అది యాజమాన్యానికి అనువు కాదు. తమకు అనువు కానిది మానేసే హక్కు బడికి ఉంది, ఇంటికి లేదు.

చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 17వ సెక్షన్ కొట్టడాన్ని మాత్రమే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. ప్రభుత్వ బడి, ప్రైవేటు బడి అని తేడా చూపలేదు. 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ బడి నుంచి తీసేయకూడదు. 13వ సెక్షన్ ప్రకారం చేర్చుకునేముందు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ ఇంటర్వ్యూ పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా. అయినా ఒకటో తరగతి అడ్మిషన్‌కు తల్లికి ఇంగ్లిష్ వచ్చా అని అడిగే బడులు ఏ పట్టణంలో లేవు? ఇక హోంవర్కు. రెండో తరగతి దాకా అసలే ఇవ్వకూడదని, మూడు నుంచి ఐదు వరకు వారానికి రెండు గంటలకు మించకూడదని కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం చెబుతోంది. ఇవ్వకూడని హోంవర్కు ఇచ్చి, దాని మీద సంతకం లేదని ఒకటో తరగతి పిల్లను నిలబెడుతున్నారు. రూళ్ల గురించి ఇంత పట్టుదలగా మాట్లాడే బడులు తమకు వర్తించే రూళ్లను ఎన్నడైనా చదివాయా?

ప్రభుత్వ బడుల్లో కనీసం అడిగే చోటు ఒకటి ఉంది. అక్కడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతా ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశాలు పెట్టారు. వాటిలో ఆర్భాటం ఎంత, పని ఎంత అన్నది వేరే చర్చ. ప్రభుత్వ సాయం (ఎయిడ్) లేని ప్రైవేటు బడులకు ఈ కమిటీ నిబంధన నుంచి చట్టమే మినహాయింపు ఇచ్చింది. కాబట్టి అక్కడ తల్లిదండ్రులకు ఉన్నదల్లా గేటు, వాచ్‌మన్, వాట్సాప్ గ్రూపు. ఆ గ్రూపులోనూ అడ్మిన్ తప్ప ఎవరూ రాయడానికి వీల్లేకుండా పెడుతున్నారు.

ఈ పద్ధతిని ఇప్పుడు వదిలేస్తే ఎక్కడిదాకా పోతుందో ఆలోచించండి. ఆలస్యానికి పిల్లను బయట నిలబెట్టడం మామూలైపోతే, ఫీజు బాకీకి నిలబెట్టడం దానికి తర్వాతి మెట్టు. కొన్నిచోట్ల ఆ మెట్టు ఎప్పుడో ఎక్కేశారు. బాకీ ఉన్న పిల్లల పేర్లు తరగతిలో చదువుతున్నారు, టీసీ ఇవ్వకుండా ఆపుతున్నారు. బడి మారే పిల్లకు టీసీ వెంటనే ఇవ్వాలని అదే విద్యా హక్కు చట్టం చెబుతోంది. పెద్దవాళ్ల దగ్గర డబ్బు రాబట్టాలంటే పిల్లను అవమానిస్తే చాలునని ఒకసారి అలవాటైతే ఇక ఏ నోటీసూ, ఏ ఫోనూ అక్కర్లేదు. ఈ గేటు తాళాన్ని చిన్న విషయమని కొట్టిపారేసేవాళ్లు ఇది గమనించాలి. ఈ అలవాటు ప్రైవేటు బడుల్లో ఆగదు కూడా. పక్క ఊరి ప్రభుత్వ బడి హెడ్మాస్టరు కూడా వేళకు గేటు వేస్తే మంచి పేరొస్తుందనుకునే రోజు దూరంలో లేదు.

డొక్కా సీతమ్మ గారు పుట్టి పెరిగిన నేల గోదావరి జిల్లాలది. లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవాళ్లకు కూడా ఆమె లేచి వండి పెట్టారు. బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఆమె పేరే పెట్టింది. ఆ నేల మీద, వేళ తప్పిందని చంటిపిల్లను వానలో వదిలేశారు.

తల్లిదండ్రులకూ ఒక మాట చెప్పాలి. చదవకుండా సంతకం పెట్టకండి. అర్థం కాకపోతే తెలుగులో ఇమ్మని అడగండి, అది మీ హక్కు. మీ పిల్లకు జరగలేదు కదా అని పక్క పిల్ల నిలబడితే ఊరుకోకండి. నలుగురు కలిసి వెళ్లి అడిగితే మాట్లాడక తప్పని బడే ఒక్కరు వెళితే వాచ్‌మన్‌తో చెప్పించి పంపేస్తుంది. ఆ రోజు గేటు దగ్గర ఫొటో తీసిన చేతులు చాలా ఉన్నాయి, లోపలికి వెళ్లి అడిగిన గొంతు ఒక్కటీ లేదు.

అసలు జవాబు చెప్పాల్సింది విద్యాశాఖ. ఫొటో బయటికొచ్చి ఇన్ని రోజులైనా మండల విద్యాధికారి (ఎంఈవో) ఆ బడికి వెళ్లలేదు. ఫిర్యాదు రాలేదట. ఆరేళ్ల పిల్ల వచ్చి ఫిర్యాదు రాసిస్తుందని ఎదురుచూస్తున్నారా? ప్రైవేటు బడుల మీద పర్యవేక్షణ కోసం రాష్ట్రం 2019లో ప్రత్యేకంగా చట్టం చేసి నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్‌ను పెట్టింది. ఎవరి కోసం పెట్టింది? జిల్లాలోని ప్రతి ప్రాథమిక బడి నియమాల కాగితాన్ని జిల్లా విద్యాధికారి (డీఈవో) ఈ నెలలోనే తెప్పించుకోవాలి. పెద్దల లోపానికి పిల్లను శిక్షించే ప్రతి నిబంధననూ కొట్టేయించాలి. ఆలస్యమైన పిల్లను లోపలికి తీసుకుని కూర్చోబెట్టాకే ఇంటికి ఫోన్ చేయాలని రాతపూర్వకంగా ఆదేశించాలి. బస్సు ఆలస్యానికి ఏ పద్ధతో నడిచొచ్చిన పిల్ల ఆలస్యానికీ అదే పద్ధతని అందులో స్పష్టంగా ఉండాలి. ఇది చేయడానికి కొత్త జీవో అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. ఇంత చిన్న పని కూడా చేయలేమంటే, ఈ బడులకు గుర్తింపు ఇస్తూ ఆ కాగితాల మీద సంతకాలు ఏం చూసి పెట్టారో అధికారులే చెప్పాలి.