బోర్డు మూలన అంకె

తమ్ముడి కూతురికి ఒకేసారి రెండు ఉద్యోగాలొచ్చాయి. ఒకటి 12 మంది ఉన్న కొత్త కంపెనీలో, రెండోది వేలమంది పనిచేసే సంస్థలో. అక్క అలాంటి చిన్న కంపెనీలోనే ఆరేళ్లు చేసింది, అది మూతపడేదాకా. తమ్ముడు పదిహేనేళ్లుగా ఒకే పెద్ద కంపెనీలో ఉన్నాడు. నా మొగ్గు అక్క వైపే, దాచను. అయినా తమ్ముడు అన్నవాటిలో కొన్నిటికి నా దగ్గరా జవాబు లేదు.

తమ్ముడు: మూతపడ్డ కంపెనీలో నేర్చుకున్నదేముంటుంది అక్కా?

అక్క: కంపెనీ ఎలా మూతపడుతుందో నేర్చుకున్నా. నవ్వకు. మా గదిలో వైట్‌బోర్డు మూలన ఒక అంకె ఉండేది. బ్యాంకులో ఉన్న డబ్బుని నెల ఖర్చుతో భాగిస్తే వచ్చేదన్నమాట. నేను చేరిన రోజు 7. అంటే ఏడు నెలలు బతుకుతాం. నెల తిరిగితే 6. ఎవరైనా బాకీ కడితే మళ్లీ 8. ఒకసారి పెద్ద ఆర్డరొచ్చిందని గంతులేశాం. అంకె మాత్రం కిందికే పోయింది! వాళ్లు డబ్బిచ్చేది పని అప్పగించిన 90 రోజులకి, మేం జీతాలివ్వాల్సింది ఆ నెలాఖరుకి. లాభం లెక్కల పుస్తకంలో ఉంటుందిరా, జీతం బ్యాంకులోంచి పోతుంది. ఈ తేడా నీ పదిహేనేళ్లలో ఎప్పుడైనా చూశావా?

తమ్ముడు: చూడాల్సిన అవసరం రాలేదు. అందుకు ఫైనాన్స్ వాళ్లున్నారు.

అక్క: అదే నేననేది.

తమ్ముడు: నేననేదీ అదే. నువ్వు చేరింది ప్రోగ్రాములు రాయడానికి. బాకీలు వసూలు చేశావు, ఫోన్లెత్తావు, కొత్తవాళ్లని ఇంటర్వ్యూ చేశావు. తర్వాతి ఉద్యోగంలో ఏమైందో నువ్వే చెప్పావు. రాసిన కోడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే టెస్టులు రాయడం నీకు అలవాటే లేదు. ఆరేళ్లలో నీ కోడ్ చదివి తప్పుపట్టినవాడు ఒక్కడూ లేడు. మా దగ్గర మొదటి ఏడాదంతా నేను రాసిన ప్రతి లైనూ ఒక సీనియర్ చూసేవాడు. చెడ్డ అలవాటుని చెడ్డదని చెప్పే దిక్కు లేకపోతే అదే అనుభవం పేరుతో చలామణీ అవుతుంది.

(అక్క కాసేపు మాట్లాడలేదు.)

అక్క: నిజమే. ఆ కొత్త చోట మొదటి ఏడాది నాకు చుక్కలు కనిపించాయి. మా చిన్న కంపెనీలో నా తప్పు పట్టడానికి సీనియర్ లేడు. కానీ మా సాఫ్ట్‌వేర్ వాడే గుమాస్తా ఉన్నాడు. మాది గోడౌన్ సరుకు లెక్కల సాఫ్ట్‌వేర్. మూడు వారాలు కూర్చుని రంగురంగుల గ్రాఫులతో ఒక రిపోర్టు తయారుచేశాను. ఎలా వాడుతున్నారో చూద్దామని వెళ్లి ఆయన పక్కన కుర్చీ వేసుకున్నా. కీబోర్డు పక్కన ఒక నోటుబుక్కు. వచ్చిన సరుకంతా ముందు అందులో పెన్సిల్‌తో రాసి, తర్వాత కంప్యూటర్లో ఎక్కిస్తున్నాడు. రెండుసార్లెందుకండీ అంటే, “మధ్యలో ఫోనొచ్చి లేస్తే మీ స్క్రీను మళ్లీ లాగిన్ అడుగుతుందమ్మా, కొట్టిందంతా పోతుంది” అన్నాడు. గ్రాఫుల పేజీ ఒక్కసారీ తెరవలేదట. ఆ రాత్రి కూర్చుని, ఏ వరుస కొడితే ఆ వరుస అప్పటికప్పుడే సేవ్ అయ్యేలా మార్చాను. నెల తర్వాత వెళ్తే నోటుబుక్కు సొరుగులో ఉంది. మీ దగ్గర ఆ నోటుబుక్కు సంగతి కోడ్ రాసినవాడి చెవిన పడాలంటే ఎన్ని చేతులు మారాలి?

తమ్ముడు: నాలుగైదు. కానీ పడ్డాక బాగుపడేది ఒక్క గుమాస్తా కాదు, లక్షలమంది.

అక్క: పడితే కదా! ఫిల్మ్ రీళ్లమ్ముకునే కొడాక్‌లో స్టీవ్ సాసన్ అనే ఇంజనీరు 1975లోనే డిజిటల్ కెమెరా చేసి చూపించాడు. 2012లో ఏమైంది? దివాలా పిటిషన్.

తమ్ముడు: ముప్ఫయ్యేడేళ్లు పట్టింది. అన్నేళ్లూ జీతాలిచ్చింది. మీది ఆరేళ్లు. అమెరికా ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి, అక్కడ కొత్తగా పెట్టిన వ్యాపారాల్లో దాదాపు సగం ఐదేళ్లలో మూతపడతాయని. 2012లోనే ఫేస్‌బుక్ ఇన్‌స్టాగ్రామ్‌ని వంద కోట్ల డాలర్లకి బేరం చేసింది, అప్పటికి అందులో 13 మందే. చిన్న కంపెనీలో చేరే ప్రతివాడూ ఆ 13 మందిలో తనొకణ్ణనుకుంటాడు. జీతంతోపాటు నీకిస్తామన్న కంపెనీ షేర్లేమయ్యాయి?

అక్క: కాగితం బీరువాలో ఉంది. నాలుగేళ్లలో చేతికొస్తాయన్నారు, మొదటి ఏడాది నిండకుండా మానేస్తే ఏమీ రావన్నారు. నాలుగేళ్లూ నిండాయి. నాకప్పటికి తెలియందేమిటంటే, పెట్టుబడి పెట్టినవాళ్లు తమ సొమ్ము ముందు తీసుకుంటారని ఒప్పందంలో ఉంటుంది. వాళ్లు 100 పెట్టి, కంపెనీ 120కి అమ్ముడైతే, మొదటి 100 వాళ్లదే. మిగతా 20 అందరం పంచుకోవాలి. మాది 120కి కాదుకదా, 20కి కూడా అమ్ముడుపోలేదులే.

తమ్ముడు: పైగా మీ ఓనరు “మనమంతా ఒక కుటుంబం” అనేవాడు. ఆ కుటుంబం రెండు నెలలు జీతమివ్వలేదు. నా దగ్గర అప్పు తీసుకున్నావు.

అక్క: తీర్చేశాను కదరా.

తమ్ముడు: తీర్చావు. నేనడిగింది అది కాదు.

అక్క: మరి పిల్ల ముందు ఆ మాటెందుకు? వడ్డీ కూడా కట్టి ఇస్తానంటే వద్దన్నది నువ్వే.

తమ్ముడు: నేను వడ్డీ ఊసెత్తానా?

అక్క: ఎత్తకుండానే గుర్తుచేస్తున్నావు. మా ఓనరు తన జీతం నాలుగు నెలలు తీసుకోలేదు, అది నీకెప్పుడూ చెప్పలేదు నేను.

తమ్ముడు: కంపెనీ ఆయనది అక్కా. నీది కాదు.

(దీనికి అక్క జవాబివ్వలేదు. ఇవ్వగలదనీ అనుకోను.)

కూతురు: అత్తా, బోర్డు మీది ఆ అంకె, చేరకముందే అడిగితే చెబుతారా?

అక్క: అడుగు. షేర్లు ఎన్నిస్తారో కాదు, మొత్తం ఎన్నున్నాయో అడుగు. పదివేలిస్తామంటే, అవి లక్షలో పదివేలా, కోటిలో పదివేలా?

తమ్ముడు: నీ కోడ్ ఎవరు చదువుతారో కూడా అడుగు.

(ఆ అమ్మాయి ఫోన్లో మెయిల్ కొట్టడం మొదలుపెట్టింది.)

అక్క: వడ్డీ మాట మాత్రం నువ్వు ఎత్తకుండా ఉండాల్సింది.

తమ్ముడు: ఎత్తింది నువ్వు.