48 గంటలు రాయడం మన జన్మహక్కు

క్లస్టర్‌లో, అంటే కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపులో, జాబ్ (కంప్యూటర్ చేయాల్సిన పని) వేసేవారి మీద ఈమధ్య ఘోరమైన ఒత్తిడి మొదలైంది. పనికి నిజంగా ఎంతసేపు పడుతుందో అంతే టైమ్ లిమిట్ రాయమంటున్నారు! ఇరవై నిమిషాల పనికి 48 గంటలు రాసుకునే మన ఆచారానికి ఇది గొడ్డలిపెట్టు. ఏ జాబ్ ఎప్పుడు నడవాలో తేల్చే షెడ్యూలింగ్ పద్ధతుల్ని ఒకసారి తూచి చూస్తే తప్పు ఎవరిదో తేలిపోతుంది.

‘ముందొచ్చినవారికి ముందు’ పద్ధతిలో 60 నిమిషాల జాబ్ వెనక 5 నిమిషాలదీ, 1 నిమిషందీ నిలబడ్డాయనుకుందాం. సగటు నిరీక్షణ 41.7 నిమిషాలు. అవే మూడింటిని చిన్నది ముందు అన్న వరసలో పంపితే 2.3. సగటు తగ్గించడంలో దీన్ని మించిన వరస లేదు. కాకపోతే ఏది చిన్నదో జాబ్ వేసినవాడే చెప్పాలి. మన మాట నమ్మి ఇంత శాస్త్రం కట్టినవాళ్లది కదా అసలు తప్పు?

ప్రతి జాబ్‌నీ కాసేపు నడిపి తర్వాతిదానికి మారే వంతులవారీ పద్ధతికి మన మాటతో పనిలేదు. వంతు 20 మిల్లీసెకన్లుండి, జాబ్ మార్చడానికి 1 పోతే నష్టం 5 శాతం లోపే. అందరికీ త్వరగా అందాలని వంతును కూడా 1కి కుదిస్తే సగం కాలం మార్పిడికే సరి. ఇక ప్రయారిటీ క్యూ సంగతి, బ్రేక్ దర్శనం ఎరిగిన జాతికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

మన అసలు శత్రువు, క్లస్టర్‌లో జాబ్‌ల క్యూ నడిపే స్లర్మ్ అనే సాఫ్ట్‌వేర్‌లోని బ్యాక్‌ఫిల్. 100 నోడ్ల (కంప్యూటర్ల) క్లస్టర్‌లో 60 నోడ్లు ఇంకో 6 గంటలకు గానీ ఖాళీ కావు. క్యూ మొదట్లో ఉన్న జాబ్‌కేమో మొత్తం 100 నోడ్లూ 24 గంటలు కావాలి. ఈలోగా 40 నోడ్లు ఊరికే పడి ఉంటాయి. పెద్ద జాబ్ ఆలస్యం కాకుండా 6 గంటల్లోపు ముగిసేవాటిని ఆ సందులో దూర్చడమే బ్యాక్‌ఫిల్ పని. మన ఇరవై నిమిషాల జాబ్‌కి గంట అని రాస్తే కాసేపట్లో మొదలయ్యేది. 48 అని రాశాం గనక పెద్ద జాబ్ కూడా ముగిసేదాకా, 30 గంటలు ఆగాలి. అందరం 48 రాస్తే దూర్చడానికి ఏదీ మిగలదు, నోడ్లకు పూర్తి విశ్రాంతి.

పోనీ తక్కువ రాద్దామా? లిమిట్ దాటగానే స్లర్మ్ ‘ఇక ముగించు’ అనే సిగ్‌టర్మ్ సంకేతం పంపుతుంది. మామూలు సెట్టింగ్‌లో మరో 30 సెకన్లకు బలవంతంగా ఆపేసే సిగ్‌కిల్. అప్పటిదాకా చేసిన పనిని దాచే చెక్‌పాయింట్ రాసుకోని జాబ్ మళ్లీ సున్నా నుంచి మొదలెట్టాలి. మన 48 వెనకున్న భయం పూర్తిగా ఉత్తిది కాదు, అంతవరకు ఒప్పుకోవాలి.

ఎక్కువ వాడినవారిని క్యూలో వెనక్కి నెట్టే ఫెయిర్‌షేర్ మాత్రం దయగలది. మనం కాల్చిన సీపీయూ గంటల పాపం మామూలు సెట్టింగ్‌లో 7 రోజులకు సగమవుతుంది, మరో 7 రోజులకు పావు. క్యూలో మగ్గిన వయసుకు మార్కులిచ్చే ఏర్పాటూ ఉంది. అడ్మిన్ దాని వెయిట్‌ను సున్నాగా వదిలేస్తే మాత్రం ఎంత ముసలి జాబ్‌కైనా పింఛను రాదు.

కొందరు ద్రోహులు స్లర్మ్ లెక్కలు చూపే శాక్ట్ (sacct) కమాండ్‌తో పాత జాబ్‌లు నిజంగా పట్టిన కాలం చూసి, అందులో పెద్దదానికి పాతిక శాతం కలిపి రాస్తున్నారు. వాళ్ల జాబ్‌లు పొద్దున వేస్తే మధ్యాహ్నానికి అయిపోతున్నాయి. ఆ తర్వాత కూర్చుని ఫలితాలు విశ్లేషించాలి. ‘క్యూలో ఉంది సార్’ అని గైడ్‌కి చెప్పుకునే వీలు వాళ్లకిక లేదు.