నల్ల జంటకు పసుపు పిల్ల పుడితే మోసమేనా?

నల్ల లాబ్రడార్ కుక్కల జంటకు పసుపు పిల్ల పుడితే పెడిగ్రీ (వంశావళి) కాగితాలను అనుమానించాలని ఒక వ్యాసకర్త రాసిన మాటతో నేను ఏకీభవించలేను. ఈ జాతి రంగును ముఖ్యంగా రెండు జన్యువులు నిర్ణయిస్తాయి: ముదురు వర్ణకం (రంగునిచ్చే పదార్థం) నల్లగానే ఉండాలా, చాక్లెట్ రంగుకు మారాలా అన్నది బి జన్యువు తేలుస్తుంది, అసలు ఆ వర్ణకం వెంట్రుకల్లో కనిపించాలా వద్దా అన్నది ఇ జన్యువు తేలుస్తుంది. ఒక్కో జన్యువుకు రెండు ప్రతులుంటాయి; రెండు జన్యువుల్లోనూ ఒక్కొక్క అంతర్గత ప్రతిని (జతలో రెండోది బలమైనదైతే పైకి కనిపించకుండా దాగేదాన్ని) మోస్తున్న కుక్క పైకి నిగనిగలాడే నల్లకుక్కే. అలాంటి రెండింటిని జతకట్టిస్తే సగటున ప్రతి 16 పిల్లల్లో 9 నల్లవి, 3 చాక్లెట్‌వి, 4 పసుపువి వస్తాయి. నమోదైన తొలి పసుపు లాబ్రడార్‌గా చెప్పుకునే, 1899లో ఇంగ్లండులో పుట్టిన బెన్ ఆఫ్ హైడ్ తల్లిదండ్రులు కూడా నల్లవే.

నిజంగా అనుమానించవలసింది దీనికి తలకిందులైన సందర్భాన్ని. పసుపు కుక్కలో ఇ జన్యువు ప్రతులు రెండూ అంతర్గతమైనవే కనుక, పసుపు జంటకు నల్లపిల్ల పుట్టిందంటే, కాగితంలో రాసిన తండ్రి అసలు తండ్రి కాదని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. ఒకే ఈతలో పిల్లలకు వేర్వేరు తండ్రులు ఉండడం కుక్కల్లో సాధ్యమే.

పసుపు కుక్క వెంట్రుకలు దాచిన బి జన్యువును ముక్కు, పెదవులు, కనురెప్పల అంచులు బయటపెడతాయి. అవి కాలేయపు రంగులో ఉంటే దానిలో రెండు చాక్లెట్ ప్రతులున్నట్టే. చలికాలంలో కొన్నింటికి ముక్కు వెలిసిపోతుంది కనుక, నా మటుకు కనురెప్పల అంచునే నమ్ముతాను. పెడిగ్రీలో నమోదయ్యేది పైకి కనిపించే రంగు మాత్రమే; దాగిన ప్రతులు తెలియాలంటే బుగ్గ లోపలి నుంచి తీసిన నమూనాకు డీఎన్ఏ పరీక్ష చేయించాలి.