జట్టు వెళ్లిపోయిన ఊరు

2025 డిసెంబరు 13న మెస్సీని చూడటానికి ఉప్పల్ స్టేడియానికి జనం వేల రూపాయలు పెట్టి టికెట్లు కొనుక్కుని వెళ్లారు. హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ అభిమానులే లేరన్న మాట ఆ సాయంత్రంతో పోవాలి. కానీ అప్పటికే ఈ నగరపు సొంత జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలిపోయింది. పేరు కూడా మారి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

ఇలాంటప్పుడు 'మ్యాచ్‌లకు జనం రావడం లేదు కదా' అనే మాట వినిపిస్తూనే ఉంటుంది. ఎందుకు రావడం మానేశారని అడిగేవాళ్లే తక్కువ.

ఈ జట్టు కథ చూడండి. 2019లో పుణె జట్టు మూతపడితే ఆ స్థానంలో హైదరాబాద్‌కు జట్టు వచ్చింది. ఒక్క సీజన్ గచ్చిబౌలి స్టేడియంలో ఆడిందో లేదో కొవిడ్ వచ్చిపడింది. తర్వాతి రెండు సీజన్లూ గోవాలోనే. 2022 మార్చి 20న ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు గెలిచింది. ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా సొంత ఊళ్లో జరగలేదు. మళ్లీ గచ్చిబౌలికి వచ్చి ఓ ఏడాది బాగానే ఆడింది. ఆ తర్వాత జీతాల బకాయిలు, ఒక్కొక్కరుగా వెళ్లిపోయిన ఆటగాళ్లు. 2023-24లో 22 మ్యాచ్‌లాడితే గెలిచింది ఒక్కటే.

ఓటమి వల్ల అభిమాని దూరమవుతాడని మేము అనుకోవడం లేదు. ఓడే జట్టు కోసం గొంతు పోయేలా అరిచేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. రేపు ఈ జట్టు ఉంటుందో ఉండదో, నిన్న చూసిన ఆటగాడు వచ్చే వారం ఉంటాడో లేదో తెలియని పరిస్థితి మాత్రం ఎవరినైనా విసిగిస్తుంది. కొడుక్కి పసుపు జెర్సీ కొనిచ్చిన తండ్రి ఇప్పుడు ఆ పిల్లాడికి ఏం చెప్పుకోవాలి?

దీనికి తోడు దారి తిప్పలు. కోచ్ రహీమ్ సాబ్ శిక్షణలో సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా ఐదేళ్లు దేశంలో పేరున్న ఫుట్‌బాల్ టోర్నీ రోవర్స్ కప్పు గెలిచిన నగరం ఇది. భారత జట్టుకు ఆడిన తులసీదాస్ బలరామ్ పుట్టింది సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో. ఆ ఆట పెరిగిన పేటల నుంచి గచ్చిబౌలి చాలా దూరం. మెట్రో రాయదుర్గంతో ఆగిపోతుంది, అక్కడి నుంచి ఆటోనో క్యాబో చూసుకోవాలి. రాత్రి ఏడున్నరకు మొదలైన మ్యాచ్ అయ్యేసరికి తొమ్మిదిన్నర. పిల్లల్ని వెంటబెట్టుకుని ఇల్లు చేరడం టెన్షనే. టీవీలో చూసేద్దాంలే అనుకుంటే ఆ కుటుంబాన్ని తప్పుపట్టలేం.

పిలిస్తే జనం వస్తారనడానికి 2018 జూన్ సాక్ష్యం. ముంబయిలో చైనీస్ తైపీతో భారత్ మ్యాచ్‌కు వచ్చింది 2,569 మందే. కెప్టెన్ సునీల్ ఛెత్రీ ఆ మ్యాచ్‌లో హ్యాట్రిక్ కొట్టాడు. మర్నాడు 'మమ్మల్ని తిట్టండి, విమర్శించండి, కానీ స్టేడియానికి రండి' అన్న అర్థంలో బతిమాలుతూ వీడియో పెట్టాడు. కెన్యాతో జరిగిన తర్వాతి మ్యాచ్‌కు టికెట్లన్నీ అమ్ముడైపోయాయి. అయితే ప్రతిసారీ కెప్టెనే బతిమాలుకోవాలా? లీగ్ నడిపేవాళ్ల బాధ్యత ఏమిటి? 2025-26 ఐఎస్‌ఎల్ అనుకున్న సమయానికి మొదలే కాలేదు. సీజన్ ఎప్పుడో తెలియకుండా అభిమాని ఏ రోజుకని సెలవు పెట్టుకుంటాడు?

క్లబ్‌ను యజమాని ఇష్టం వచ్చినప్పుడు మరో ఊరికి తరలించకుండా భారత ఫుట్‌బాల్ సమాఖ్య గట్టి నిబంధన పెట్టాలి. కనీసం ఒక సీజన్ ముందే చెప్పాలని, అభిమానుల సంఘాల మాట వినాలని లైసెన్సు షరతుల్లోనే రాయాలి. జీతాలకు సరిపడా హామీ సొమ్ము ముందే కట్టించుకోవాలి. గచ్చిబౌలిలో పెద్ద మ్యాచ్ ఉన్న రాత్రి సికింద్రాబాద్, చార్మినార్ వైపు ప్రత్యేక బస్సులు నడపడం రాష్ట్ర ప్రభుత్వానికి పెద్ద భారం కాదు. నగరానికి మరో జట్టు వస్తుందని చెప్పేముందు ఈ పనులు కావాలి. పుణె జట్టును పోగొట్టుకుంటే మనకు దక్కింది, మనం పోగొట్టుకుంటే ఢిల్లీకి దక్కింది. ఈసారి ఢిల్లీ వంతు రాకూడదు.