నేను చెప్పింది స్పాయిలర్ అని నాకే తెలీదు

ముందే చెప్పేస్తున్నా, ఇందులో 2009లో వచ్చిన ఒక అనిమే, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్, గురించి స్పాయిలర్ (కథలో మలుపుని ముందే బయటపెట్టేసే సంగతి) ఉంది. ఇలా ముందే చెప్పకపోతే ఏమవుతుందో నిన్న రాత్రి 11:45కి బాగా తెలిసొచ్చింది.

మా అనిమే గ్రూప్‌లో ఈ శనివారం, అంటే ఈరోజే, రాత్రి 9కి 'ది డిసప్పియరెన్స్ ఆఫ్ హరుహి సుజుమియా' అందరం కలిసి చూద్దామని పెట్టుకున్నాం. హరుహి అనే అనిమే సిరీస్‌కి కొనసాగింపుగా 2010లో వచ్చిన సినిమా, 2 గంటల 42 నిమిషాలు. సిరీస్ చూడనివాళ్ళు రావద్దు, వచ్చి మధ్యలో 'ఈ అమ్మాయి ఎవరు' అని అడగొద్దు అని అడ్మిన్ గట్టిగా చెప్పాడు. నేను సిరీస్ చూళ్ళేదు. ఈ సంగతి గ్రూప్‌లో ఎవరికీ తెలీదు, ఎందుకంటే రెండేళ్ళుగా ఆ సిరీస్ పేరు ఎత్తినప్పుడల్లా 'అబ్బా, క్లాసిక్ అన్నా అది' అని ముందుగా రాసేది నేనే. అందరూ అంటున్నారు కదా, మనమూ అందాం అని అన్నా, అంతకుమించి దురుద్దేశం లేదు.

సరే 28 ఎపిసోడ్లే కదా, ఆరు రోజుల్లో లాగించేద్దాం అని ఆదివారం మొదలుపెట్టా. ఏ ఆర్డర్‌లో చూడాలి అన్నది ఇంకో గొడవ, 2006లో మొదటిసారి వచ్చినప్పుడు 14 ఎపిసోడ్లనీ కావాలనే కథ వరుస తప్పించి వేశారు, మొట్టమొదటి ఎపిసోడే కథలోని స్కూలు పిల్లలు తీసుకున్న సొంత సినిమా, 2009లో ఇంకో 14 కలిపి కథ వరుసలో వేశారు. పాత ఆర్డర్‌లో చూడనివాడు ఫ్యానే కాదని ఒక బ్యాచ్, కొత్తదే కరెక్ట్ అని ఒక బ్యాచ్. ఆ రెండు బ్యాచ్‌ల మధ్యలోకి వెళ్ళడం నాకిష్టం లేదు, యాప్‌లో ఎలా ఉంటే అలా నొక్కుకుంటూ పోయా. 11 దాకా ఏ ఇబ్బందీ లేదు, బాగుంది కూడా. గురువారం రాత్రి 12 మొదలుపెట్టా.

వేసవి సెలవులు. కథ చెప్పే కుర్రాడు క్యోన్ ఇంట్లో ఉంటే హీరోయిన్ హరుహి ఫోన్ చేస్తుంది, స్విమ్మింగ్ పూల్‌కి రమ్మంటుంది, అందరూ వెళ్తారు. అక్కడ నాకు నిద్ర పట్టేసింది. కళ్ళు తెరిచి చూస్తే పూల్ దగ్గరే ఉన్నారు. ఓహో నిమిషం కునుకు తీశానేమో అనుకుని దిండు సర్దుకుని మళ్ళీ చూస్తున్నా, మళ్ళీ పట్టేసింది. ఈసారి లేచేసరికి ఫోన్ మోగుతోంది, పూల్‌కి రమ్మంటోంది. అరే, ఎపిసోడ్ మొదటికి వెళ్ళిపోయిందే, నిద్రలో వేలు తగిలినట్టుంది అనుకున్నా. ఇంకోసారి లేచా. పూల్. అప్పటికి తెల్లారుతోంది, నేను మాత్రం ఆ రాత్రంతా పది నిమిషాల కథ దాటలేదు.

పొద్దున్నే లేచి యాప్ తీస్తే 12, 13, 14, 15 నాలుగూ చూసేసినట్టు టిక్కులు. ఒక్కోటీ తెరిచా. నాలుగింట్లోనూ అదే ఫోన్, అదే పూల్. లిస్టు చూస్తే 12 నుంచి 19 దాకా ఎనిమిదింటికీ ఒకటే పేరు, 'ఎండ్‌లెస్ ఎయిట్'. ఇంకేం సందేహం ఉంటుంది చెప్పండి, ఎవడో అప్‌లోడ్ చేసేవాడు ఒకే ఫైలుని ఎనిమిదిసార్లు ఎక్కించి, పేరు కూడా మార్చకుండా ఇంటికెళ్ళిపోయాడు. మీరైనా అదే అనుకుంటారు. అనుకోరా? సరే.

కస్టమర్ సపోర్ట్ చాట్‌కి వెళ్ళా. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే నా శుక్రవారం మధ్యాహ్నం మొత్తం ఇక్కడే పోయింది.

ముందు బాట్ వస్తుంది. 'నమస్కారం! మీ సమస్యను ఎంచుకోండి: పేమెంట్, లాగిన్, వీడియో రావడం లేదు.' నా సమస్య వీడియో రావడం లేదు కాదు, వీడియో మరీ ఎక్కువగా వస్తోంది, దానికి బటన్ లేదు. 'వీడియో రావడం లేదు' నొక్కితే నెట్ చెక్ చేసుకోమంది, చేశా, కాష్ క్లియర్ చేయమంది, చేశా, యాప్ తీసేసి మళ్ళీ వేసుకోమంది, వేశా, డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నవన్నీ పోయాయి. అప్పుడు ఒక మనిషిని కలిపింది. ఆయన 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము, మీ సమస్య ఏమిటో తెలుపగలరు' అన్నాడు. పైన అరగంట నుంచి తెలుపుతూనే ఉన్నా కదయ్యా. మళ్ళీ మొత్తం తెలిపా. ఆయన వెళ్ళిపోయి ఇంకొకాయన వచ్చాడు. 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.' ఆయనకీ తెలిపా. మూడో ఆయన వచ్చి చింతించే టైమ్‌కి నేను స్క్రీన్‌షాట్లు రెడీ చేసుకుని కూర్చున్నా, నాలుగు ఎపిసోడ్లలోనూ జాతర సీన్ వెతికి పట్టుకుని, నాలుగూ పక్కపక్కన అతికించి, నాలుగింట్లోనూ హరుహి తలకాయ చుట్టూ ఎర్ర గీతతో సున్నా చుట్టి పంపా. కోర్టులో ఎగ్జిబిట్ పెట్టినట్టు.

ఐదు నిమిషాలు ఏ జవాబూ లేదు. తర్వాత ఇలా వచ్చింది. 'మీరు పంపిన 4 చిత్రములను పరిశీలించాము. 4 చిత్రములలోనూ ఆమె ధరించిన దుస్తులు వేర్వేరుగా ఉన్నవి. దయచేసి సరిచూసుకోగలరు.'

చూశా. నిజమే, వేర్వేరు యుకాటాలు, అంటే జపాన్‌వాళ్ళు వేసవి జాతరలకి వేసుకునే బట్టలు. ఒకదాని రంగుకీ ఇంకోదాని రంగుకీ పొంతన లేదు. ఇక్కడ బుర్ర ఉన్న మనిషి ఎవరైనా ఆగుతాడు. హీరోయిన్ నాలుగుసార్లు నాలుగు డ్రెస్సులు వేసుకుంటే అది నాలుగు వేరే ఎపిసోడ్లని చిన్నపిల్లలు కూడా చెప్తారు. నేనేం రాశానో తెలుసా? 'నా ఫోన్‌లో రాత్రిపూట కళ్ళకి హాయిగా ఉండే మోడ్ ఆన్‌లో ఉంది, అందుకే రంగులు మారాయి' అని రాశా. స్క్రీన్‌షాట్లు తీసింది మధ్యాహ్నం. ఆయన ఓపిగ్గా 'దుస్తుల మీది డిజైన్ కూడా మారినది' అన్నాడు. దానికి 'అది వీడియో కంప్రెషన్ వల్ల' అన్నా. కంప్రెషన్ వల్ల బొమ్మ మసకబారుతుంది గానీ కొత్త డిజైన్లు పుట్టవని నాకు తెలుసండీ, తెలిసే రాశా, అప్పటికి మూడు గంటలైంది, ఇంక వెనక్కి తగ్గే ప్రశ్నే లేదు. తలలో పిన్ను మారింది, చేతిలో సంచి మారింది, అన్నిటికీ నా దగ్గర టెక్నికల్ కారణం ఉంది. చివరికి ఆయన 'మీ ఫిర్యాదును పై విభాగానికి పంపితిమి' అని చాట్ మూసేశాడు. గెలిచాననే అనుకున్నా.

రాత్రి ఒక మంచి పని చేద్దామనిపించింది. గ్రూప్‌లో నాలాగే సినిమా కోసం హడావిడిగా చూస్తున్నవాళ్ళు ఇంకా ఉంటారు కదా, పాపం వాళ్ళ టైమ్ వేస్ట్ కాకూడదని ఆ ఎర్ర సున్నాల బొమ్మ పెట్టి, కింద ఇలా రాశా: 'అందరికీ వార్నింగ్. హరుహి 12 నుంచి 19 దాకా ఒకే ఎపిసోడ్‌ని 8 సార్లు ఎక్కించారు దద్దమ్మలు. ఎవరూ చూడకండి. కంప్లైంట్ ఇచ్చా.'

మామూలుగా మా గ్రూప్‌లో ఏం పెట్టినా పది సెకన్లలో ఎవడో ఒకడు తగులుకుంటాడు. ఈసారి ఎవరూ మాట్లాడరే. 'టైప్ చేస్తున్నారు' అని వస్తుంది, పోతుంది. నలుగురు టైప్ చేస్తున్నారు. ఆగిపోయారు. తొమ్మిది మంది టైప్ చేస్తున్నారు. అందరూ ఆగిపోయారు. ఒకడు మాత్రం 'అన్నా, చూస్తూనే ఉండు' అన్నాడు. నేను 'ఏం చూడమంటావ్ రా, నాలుగుసార్లు చూశా, అదే ఉంది' అన్నా. అప్పుడు గ్రూప్ బాట్ దిగింది. నా మెసేజ్ మాయం. 'రూల్ 4 ఉల్లంఘన: నల్లపట్టీ లేకుండా స్పాయిలర్. 24 గంటలు మ్యూట్.' నల్లపట్టీ అంటే నొక్కితే తప్ప కనిపించకుండా అక్షరాల్ని మూసిపెట్టడం.

స్పాయిలరా? నేను చెప్పింది బగ్ కదా!

జవాబు ఇద్దామంటే మ్యూట్. అడుగుదామంటే మ్యూట్. చూస్తూ కూర్చోవడమే. ఐదో ఎపిసోడ్‌లో ఉన్న కొత్త కుర్రాడొకడు 'జీవితంలో ఒక్కసారే దొరికే అనుభవం, నాశనం చేశాడు' అని ఏడుస్తున్నాడు, వాణ్ణి పదిమంది ఓదారుస్తున్నారు.

ఈ రూల్ 4 గురించి నేను కాస్త మాట్లాడతా, ఎలాగూ అక్కడ మాట్లాడనివ్వట్లేదు కదా. 1996లో అయిపోయిన ఎవాంజెలియన్ అనే అనిమే 26వ ఎపిసోడ్ గురించి ఇప్పటికీ నల్లపట్టీ కింద రాయాలి మా దగ్గర. బానే ఉంది, రాస్తాం. కానీ మాంగా, అంటే అనిమేకి మూలమైన బొమ్మల కథల పుస్తకం, ముందే చదివేసినవాళ్ళు ఉంటారు చూడండి, అడ్మిన్ కూడా అదే జాతి, వాళ్ళు స్పాయిలర్ అసలు చెప్పరు. మీరు పాపం ఏదో కొత్త సిరీస్ చూస్తూ 'ఈ మాస్టారి క్యారెక్టర్ భలే ఉంది' అంటే 'నేనేం చెప్పను గానీ... మరీ ఎక్కువ ఇష్టపడకు' అంటారు. అయిపోయింది, వాడు చస్తాడు. ఏ ఎపిసోడ్‌లో అన్నదొక్కటే మిగిలింది. దీనికి నల్లపట్టీ అక్కర్లేదు, మ్యూట్ లేదు, పైగా నవ్వు బొమ్మలు ముప్పై. ఏమీ తెలియకుండా కంప్లైంట్ ఇచ్చినవాడు మాత్రం నేరస్తుడు. అసలు తెలియని విషయాన్ని ఎలా స్పాయిల్ చేస్తారో ఆ 23 రూల్స్‌లో ఎక్కడైనా రాశారా? వెతికా. లేదు.

రాత్రి పన్నెండున్నరకి గ్రూప్‌లోనే ఉండే అక్క ఒకావిడ పర్సనల్‌గా మెసేజ్ పెట్టింది. ముందు నవ్వు బొమ్మలు రెండు లైన్లు, తర్వాత అసలు సంగతి. ఆగస్టు 17 నుంచి 31 దాకా ఆ రెండు వారాలు తిరిగి తిరిగి వస్తుంటాయట, మొత్తం 15,532 సార్లు. మిగతావాళ్ళెవరికీ గుర్తుండదు, ఒక్క నగాతో యుకి అనే అమ్మాయికే అన్నీ గుర్తుంటాయి, లెక్క కడితే దాదాపు 595 ఏళ్ళు. ఆ పిచ్చి మనకీ ఎక్కాలని ఎనిమిది ఎపిసోడ్లు అలా తీశారట, తీసింది కూడా ఒకటి తీసి కాపీ కొట్టడం కాదు, క్యోటో అనిమేషన్ వాళ్ళు ఎనిమిదిసార్లూ మళ్ళీ కొత్తగా గీశారు, డబ్బింగ్ మళ్ళీ చెప్పించారు, బట్టలు మార్చారు. 2009లో టీవీలో వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు వేశారు, అప్పుడు ఫ్యాన్స్ కూడా తిట్టుకున్నారట. నాకంటే వాళ్ళు నయం, యాప్ తీసి మళ్ళీ వేసుకోలేదు.

'మరి లూప్ అని ఎపిసోడ్‌లో ఎక్కడా చెప్పరేంటక్కా' అన్నా. '13లోనే చెప్తారు, రెండో సగంలో' అంది. నేను నాలుగు ఎపిసోడ్లలోనూ చూసింది మొదటి సగమే. 'ఆ పిల్ల 595 ఏళ్ళు నోరు మూసుకుని కూర్చుంది, నువ్వు నాలుగింటికే కస్టమర్ కేర్‌కి పోయావా' అంది. ఆ పిల్లకి సపోర్ట్ చాట్ లేదు కాబట్టి కూర్చుంది, ఉంటే 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము' అని ఇంకో 595 ఏళ్ళు పట్టేది.

ఇంతటితో పోయిందా అంటే లేదు. మ్యూట్‌లో ఉన్నా చదవగలను కదా, పొద్దున్న లేచేసరికి ఎవడో పనిలేనివాడు పాత మెసేజ్‌లన్నీ తవ్వాడు. పోయినేడాది ఎవరో ఎండ్‌లెస్ ఎయిట్ పేరెత్తితే నేను రాసిన జవాబు బయటికి తీసి పైన పిన్ చేశాడు. 'ఆ ఎపిసోడ్లు ఎన్నిసార్లు చూసినా బోర్ కొట్టవన్నా.' నేనే రాశా. పక్కన కన్నీళ్ళ బొమ్మ కూడా పెట్టా. కింద 143 రియాక్షన్లు. దాని కింద నా ఎర్ర సున్నాల బొమ్మ స్టిక్కర్ అయిపోయింది, ఇప్పుడు ఎవరు ఏ సిరీస్ గురించి ఏ డౌట్ అడిగినా 'కంప్లైంట్ ఇచ్చా' అని అదే పడుతోంది. స్పాయిలర్ అని డిలీట్ చేసిన బొమ్మని స్టిక్కర్ చేసి వాడుతున్నారు, దానికి రూల్ 4 లేదు. మొదటి స్టిక్కర్ వేసింది అడ్మినే.

ఇందాక సపోర్ట్ వాళ్ళ మెయిల్ కూడా వచ్చింది. మీ సమస్యను పరిశీలించాము, 8 ఎపిసోడ్లూ సక్రమముగా ఉన్నవి, మా సేవలకు ఎన్ని స్టార్లు ఇస్తారు అని. పై విభాగంలో ఎవరో పాపం ఎనిమిదీ కూర్చుని చూసినట్టున్నారు. ఐదు ఇచ్చా.

ఇప్పుడు టైమ్ సాయంత్రం 7. నేను 16లో ఉన్నా, ఫోన్ మోగింది, పూల్‌కి బయల్దేరుతున్నారు, ఈసారి నిద్రపోకుండా నిలబడి చూస్తున్నా. సినిమా 9కి మొదలైతే 11:42కి అయిపోతుంది. నా మ్యూట్ 11:45కి తీస్తారట. మూడు నిమిషాలు తగ్గించమని అక్కతో అడ్మిన్‌కి కబురు పంపించా. 'చూస్తూనే ఉండమను' అన్నాడట.